టీవీ మీద తువ్వాల

సినిమా అయినంక పేర్లన్నీ పడేదాక నేను కుర్చీలకెల్లి లేవ. పక్కోళ్లు "ఇంకేమున్నదమ్మా, జర జరుగు" అంటే "నేను సుత టికెట్ కొనే వచ్చిన, నీకేంది?" అంట. ఫోన్ల సినిమాను రెండింతల స్పీడు పెట్టి ఉరికిచ్చుకుంట చూసేటోళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతది. అన్నం నమలకుండ మింగినట్టు, గదేం చూసుడు? సీరియల్‌ల ఒక్క మాటకు ఇంట్లున్నోళ్లందరి మొఖాలు మూడేసి సార్లు చూపిస్తరని నవ్వేటోళ్లు సుత నాకు నచ్చరు. గా మొఖాలు తిరిగొచ్చే లోపల్నే నన్ను కన్న మా అవ్వ పొయ్యి మీద కూర కలిపి వస్తుండె. పని చేసుకుంట చూసేటోళ్ల కోసం తీసినయ్ అవి. ఊకె కూసొని చూసేటోళ్లకేం తెలుస్తది?

ఆఖరి భాగం ఇడిసిపెట్టుడు మాత్రం నా తోని కాదు. దానికి కారణం మా పెద్దబాపు.

ఆయన మా బాపుకు అన్న. లక్సెట్టిపేటల మా చర్చికి సంఘ పెద్ద. సాయంత్రం పూట ఇంటింటికి వంతులేసి ప్రార్థన కూటం పెడుతుండె. ఆయన పెట్టిన రూలు ఒకటుంది. ప్రార్థన చేసే మనిషి ఆమెన్ అనేదాక ఎవరు లేవొద్దు, కండ్లు తెరవొద్దు. టీవీ అంటే ఆయనకు సైతాను డబ్బా. ఎవలింటికి వచ్చినా ముందుగాల టీవీ బంద్ చేయించి, భుజం మీది తువ్వాల తీసి దాని మీద కప్పి, గప్పుడు మోకాళ్ల మీద కూసుంటుండె.

అవ్వ ఒకటే సీరియల్ చూసేది. అత్తగారింట్లకెల్లి ఎల్లగొట్టిన కోడలి కథ. మూడేండ్లు నడిచింది. ఆఖరుకు గా అత్తనే వచ్చి, తప్పైంది ఇంటికి రా అని బతిమాలుతది. పోతదా, పోదా? అవ్వ టీవీతోని కొట్లాడుతుండె. "పోకే పిచ్చిదానా! పోతే మల్ల నీ మొఖం నాకు చూపియ్యకు!" అనేది. పొలంకెల్లి వచ్చి కాళ్లు కడుక్కునుడు, టీవీ ముంగట కూసునుడు. ఆమెకు రోజు మొత్తంల గదొక్కటే సంబురం.

ఆఖరి భాగం నాడు వంతు మా ఇంటిది కాదు. అయినా పెద్దబాపు నలుగుర్ని ఎంబడేసుకొని వచ్చిండు. "నీ సీరియల్ గియ్యాల అయిపోతదట గదా" అని అవ్వతోని నవ్వుకుంటనే అన్నడు. తెలిసే వచ్చిండన్నట్టు. టీవీ బందయింది, తువ్వాల కప్పిండు. బావ ముంగట అవ్వ నోరు తెరిచి మాట్లాడంగ నేనెన్నడు చూడలే. కొంగు నెత్తి మీదికి గుంజుకొని కూసున్నది.

ఇగ మొదలుపెట్టిండు. ఊరి కోసం, వానల కోసం, దుబాయ్‌ల ఉన్నోళ్లు, మస్కట్‌ల ఉన్నోళ్లు, ఒక్కొక్కరి పేరు. గప్పుడు కాగజ్‌నగర్ల మిల్లు మూతపడి ఉండె. దాన్ని తెరువుమని దేవున్ని సొంత చుట్టమోలె బతిమాలిండు. ఆమెన్ అని తువ్వాల తీసి మల్ల పెట్టేసరికి టీవీల వార్తలు వస్తున్నయ్. "చూసినవా, చూడకుంటే పాణమేం పోలే" అని అవ్వను చూసి నవ్విండు.

మా ఇంట్ల గప్పుడు బటన్ ఫోను. మల్ల చూసే తొవ్వ లేదు. అవ్వ వాడకట్టంత తిరిగి అడిగింది. ఒకామె పోయింది అన్నది. ఇంకొకామె గేటు దాక పోయి మర్లింది అన్నది. రెండేండ్ల తర్వాత అవ్వ కరీంనగర్‌ల దవాఖాన్ల పడ్డది. మంచం మీద సుత అడిగింది. "ఆఖరికి గా పిల్ల పోయిందానే?" పోలే అవ్వా అన్న. "నువ్వు చూసినవా?" అన్నది. చూడలే అన్న. మొఖం అటు తిప్పుకున్నది. గా వారమే పోయింది.

గిప్పుడు నా ఫోన్ల దొర్కని సినిమా లేదు. గా సీరియల్ ఒక్కటే దొర్కదు. మొదటి భాగాలున్నయ్, ఆఖరిది లేదు. ఎన్నిసార్లు ఎతికిన్నో నాకే తెల్వదు.

పెండ్లాం, మా పెద్దవ్వ, సచ్చిపోయినంక పెద్దబాపుకు మోకాళ్లు పడిపోయినయ్. మస్కట్‌ల ఉన్న కొడుకు గోడంత టీవీ కొనిచ్చిండు. గిప్పుడు సైతాను ఏడికి పోయిండో! పొద్దంత సీరియళ్లే. పోయిన క్రిస్మస్‌కు పోతే "నీతి ఉంటది బిడ్డా, చూడాలె" అని నాకే చెప్పిండు. గా మాట నేను మర్వలే. ఆయన పాణం పెట్టి చూసేదేందో, గదెప్పుడు అయిపోతదో ఆయన కోడల్ని అడిగి తెల్సుకున్న. చిన్నప్పుడు తప్పిపోయిన బిడ్డను తల్లి గుర్తు వడుతదా అన్నది కథ.

ఆఖరి భాగం వచ్చే శనివారం కరీంనగర్ కెల్లి బస్సెక్కి సరిగ్గ టైముకు ఇంట్ల అడుగుపెట్టిన. సీరియల్ పాట మొదలయింది. "నీ మోకాళ్ల కోసం ప్రార్థన చేద్దామని వచ్చిన పెద్దబాపు" అన్న. సంఘ పెద్ద వద్దంటడా? రిమోట్ తీసి బంద్ చేసిన. నా చున్నీ తీసి టీవీ మీద కప్పిన. చున్నీ సరిపోలే, అయినా కప్పిన.

ఊరు, వానలు, దుబాయ్, మస్కట్, ఒక్క పేరు ఇడువలే. మిల్లు తెరిపిచ్చినందుకు దేవునికి స్తోత్రం చెప్పిన. నడిమిట్ల కండ్లు తెరిచి చూసిన. ఆయన కండ్లు సుత తెరిచే ఉన్నయ్. గోడ మీది గడియారం చూస్తున్నడు. నన్ను చూసి గబుక్కున మూసుకున్నడు. నేను మల్ల వానల కాడికెల్లి అందుకున్న.

ఆమెన్ అన్నంక చున్నీ తీసి టీవీ పెట్టిన. ఏదో సబ్బు ప్రకటన వస్తున్నది. ఆయన నవ్వుతడనుకున్న, కోపానికి వస్తడనుకున్న. రెండు చేయలే. చిన్నగ అడిగిండు. "బిడ్డా, ఆఖరికి గా తల్లి గుర్తు వట్టిందో లేదో. మల్ల ఫోన్ల వస్తయంటరు గదా. నీ దాంట్ల వస్తదా?"

"రాదు పెద్దబాపు" అన్న. ప్రార్థన చేసిన నోటితోనే అన్న.

బస్సుల కూసొని ఫోన్ తెరిస్తే ఆఖరి భాగం వచ్చి ఉన్నది. మొదటికెల్లి పేర్లు పడేదాక చూసిన. తల్లి గుర్తు వట్టింది. ఆయన వారం వారం ఫోన్ చేసి ఎవలన్న చెప్పిన్రా బిడ్డా అని అడుగుతడు. తెల్వదని నేనంట. అవ్వ ఉంటే నా చేతులకెల్లి ఫోన్ గుంజుకొని "పాపం ముసలాయన, చూపియ్యరాదే" అంటుండె. అవ్వ లేదు. ఉన్నది నేను. నేను చూపియ్య.