మిరపకాయల నడుమ యాంటెన్నా

విన్సెంట్‌కు కూర్చుని టీ తాగడం అలవాటు లేదు. ఎనుమాములలోని కోల్డ్ స్టోరేజీలో కంప్రెసర్ ఆపరేటర్‌గా చేరిన నాటి నుంచీ గ్లాసు చేతిలో పట్టుకుని మీటర్ల మధ్య తిరుగుతూనే తాగుతాడు. హసన్‌పర్తిలోని ఇంట్లోనూ అంతే. అన్నం తింటూ లేచి ఫ్యాను వేగం మారుస్తాడు. చర్చిలో ప్రసంగం మధ్యలో లేచి మైకు సెట్టు దగ్గరికి పోతాడు. ఇంటి నుంచే సొంత రేడియోతో దూరదేశాల వాళ్లతో మాట్లాడే హామ్ రేడియో లైసెన్సు వచ్చాక ఎన్ని సెట్లు కొన్నాడో, ఏ ఒక్కటీ పూర్తిగా చేతికి అలవాటు కాకముందే ఎవరెవరికి అమ్మేశాడో ఆయన కన్నా ఆయన భార్య ప్రమీలకే బాగా గుర్తు.

ఈసారి రెండింటిలో ఒకటి తేల్చుకోవాలి. ఆకాశంలో తిరిగే చిన్న ఉపగ్రహాల ద్వారా మాట్లాడాలంటే చేత్తో పట్టుకునే తేలికపాటి యాంటెన్నా, ఒక వాకీటాకీ చాలు. ఉపగ్రహం ఒక దిక్కున లేచి మరో దిక్కున దిగేలోపు పని ముగుస్తుంది. లేదంటే చంద్రుడు. ఇక్కడి నుంచి పంపిన సంకేతం చంద్రుడికి తగిలి తిరిగి వచ్చేసరికి దాదాపు ఏమీ మిగలదు. ఆ మిగిలిన కాస్తను పట్టుకోవడానికి ఇంటి పైకప్పు మీద పొడవాటి యాంటెన్నా, పక్కన కంప్యూటరు, ముందు కూర్చునే మనిషి కావాలి.

ధర్మసాగర్ వెళ్లి కుమారస్వామిని అడిగాడు. ఆయన తంతి ఆఫీసులో చేసి రిటైరైన మనిషి. విన్సెంట్‌కు మోర్స్ నేర్పింది ఆయనే.

"ఉపగ్రహం సెట్టే కొనుక్కో. నీకు గదే సరిపోతది," అన్నాడు కుమారస్వామి. "జర సేపు ఉరుకులాడుతవ్, అయిపోతది. చంద్రునికైతే గంటలకు గంటలు కూసోవాలె. నువ్వు మా ఇంట్ల కుర్చీలనే కూసుంటలేవు."

విన్సెంట్ అప్పటికి కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. "కూసుంట సార్."

"ఏదీ, కూసో. సూస్త."

విన్సెంట్ వచ్చి కూర్చున్నాడు. కుమారస్వామి టీ అయిపోయేదాకా విన్సెంట్ మోకాలు ఊగుతూనే ఉంది.

"సరే, చంద్రుడే కావాల్నంటే ముందుగాల విననీకి కావల్సింది కొను," అన్నాడు కుమారస్వామి చివరికి. "యాంటెన్నా కిందనే ప్రీయాంప్ పెట్టు. సన్న చప్పుడును గదే పెంచి ఇస్తది. అది సున్నితం. నువ్వు పంపేటప్పుడు దాన్ని దారిలకెళ్లి తప్పియ్యకపోతే కాలిపోతది. గా పని సీక్వెన్సర్ చేస్తది. మర్చిపోకు."

విన్సెంట్ మరిచిపోలేదు. ప్రీయాంప్ కొన్నాడు, సంకేతం బలంగా పంపే యాంప్లిఫయర్ కొన్నాడు, సీక్వెన్సర్ మాత్రం కావాలనే కొనలేదు. కోల్డ్ స్టోరేజీలో ఏ వాల్వు ముందు మూయాలో, ఏ మోటారు తరవాత నడపాలో ఏళ్ల తరబడి ఆయన చెయ్యే చూసుకుంటోంది. వరస ఎప్పుడూ తప్పలేదు. ఆ మాత్రం పనికి ఒక డబ్బా కొనడం తన చేతిని తనే చిన్నబుచ్చుకోవడంలా అనిపించింది. బల్ల మీద రెండు స్విచ్చులు బిగించుకున్నాడు. పంపే ముందు ప్రీయాంప్‌ను తప్పించడానికి ఒకటి, పంపాక మళ్లీ కలపడానికి ఒకటి.

యాంటెన్నాను పైకీ కిందికీ తిప్పే యంత్రం జోలికి పోలేదు. తూర్పు పిట్టగోడ దగ్గర గొట్టం పాతి, చంద్రుడు లేచే వైపుకు తిప్పి బిగించాడు. చంద్రుడు లేచిన గంటసేపూ దాని ఎదురుగానే ఉంటాడు. ఏడాదికి సరిపడా కారం కోసం ప్రమీల ఎండబోసిన మిరపకాయలు యాంటెన్నా కింద కప్పంతా ఎర్రగా పరుచుకుని ఉన్నాయి.

మొదటి సాయంత్రం కింది గదిలో కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఒక నిమిషం వినడం, ఒక నిమిషం పంపడం. నిమిషం మారగానే కంప్యూటరు తనంతట తానే పంపుతుంది. ఆయన స్విచ్చు వేయడం, తీయడం. రెండుసార్లు సరిగ్గానే జరిగింది.

"ఓ మౌనిక డాడీ, మబ్బు పడ్తాంది. మిరపకాయలు ఎత్తాలె, జర రా," అని పైనుంచి ప్రమీల పిలిచింది.

ఆమె మాట పూర్తి కాకముందే ఆయన లేచాడు. లేవడానికి ఎవరో ఒకరు పిలవాలనే ఎదురుచూస్తున్నవాడిలా లేచాడు. మెట్ల మధ్యలో ఉండగా నిమిషం మారింది. కంప్యూటరు ఆయన చెయ్యి కోసం ఆగలేదు. తిరిగి వచ్చేసరికి రేడియోలో ఎప్పుడూ ఉండే సన్నని హోరు కూడా లేదు.

పొద్దున కుమారస్వామికి ఫోను చేశాడు.

"ప్రీయాంప్ పోయింది సార్."

"లేచినవా?"

విన్సెంట్ ఫోనును రెండో చెవికి మార్చుకున్నాడు.

"ఇప్పుడిగ యాంటెన్నా అమ్ముతవు. అమ్ముకో. కానీ మళ్ల సలహాకు నా దగ్గరికి రాకు విన్సెంటూ. కోపం కాదు, నాకు ఓపిక లేదు," అని ఆయన ఫోను పెట్టేశాడు.

ఆ మాట రోజంతా కంప్రెసర్ల మధ్య ఆయన వెంట తిరిగింది. అయినా మధ్యాహ్నానికల్లా హన్మకొండలో మొబైల్ షాపు నడిపే హరీష్‌కు చెప్పేశాడు, సాయంత్రం వచ్చి యాంటెన్నా తీసుకుపొమ్మని.

"గింత జల్దీనా?" అంది ప్రమీల, ఆయన ఇంటికొచ్చి చెప్పగానే. "పోయినసారిది నెలన్న ఉండె."

"ఇది అమ్మినంక ఇగ ఏదీ కొన."

"గా మాట సుత పోయినసారిదే."

హరీష్ వచ్చేసరికి యాంటెన్నా బాగానే ఉందని చూపించాలి. కాలిన ప్రీయాంప్‌ను విప్పి పక్కన పెట్టాడు. కింది గదిదాకా వెళ్లే కేబుల్ పొడుగునా సంకేతం సన్నగిల్లిపోతుంది కాబట్టి రేడియోనే పైకి మోసుకొచ్చి, యాంటెన్నా మొదట్లో పెట్టి, మూరెడు కేబుల్‌తో కలిపాడు. మిరపకాయలు కొన్ని పక్కకు తోసి టార్పాలిన్ మీద కూర్చుని కంప్యూటరును ఒడిలో పెట్టుకున్నాడు. రేడియో నుంచి దానికి వచ్చే తీగ ఎంత పొట్టిదంటే, లేస్తే ఊడిపోతుంది.

చంద్రుడు కాలేజీ భవనాల వెనక నుంచి మసకగా లేచాడు. ఒక నిమిషం ఏమీ రాలేదు. తరవాతి నిమిషమూ రాలేదు. ఘాటుకు ముక్కు మండుతోంది. యాంటెన్నాను కొద్దిగా పక్కకు తిప్పి చూడాలనిపించింది. కింద గేటు వేశానో లేదో అనిపించింది. రెండుసార్లు చెయ్యి నేలకు ఆనించి లేవబోయాడు, తీగ లాగింది. మళ్లీ కూర్చున్నాడు.

ఇంకెన్ని నిమిషాలు గడిచాయో, కంప్యూటరు తెర మీద అక్షరాల వరస ఒకటి పడింది. జపాన్ నుంచి ఎవరో, వినే వాళ్లెవరైనా ఉన్నారా అని పిలుస్తున్నారు. అక్కడ చంద్రుడు ఈపాటికి నడినెత్తికి దగ్గర పడి ఉంటాడు.

హరీష్ దగ్గుతూ మెట్లెక్కి వచ్చాడు. "ఏం ఘాటే అన్నా ఇది. యాంటెన్నా పనిజేస్తాందా?"

"చేస్తాంది."

"విప్పుదామా మరి? పానా తెచ్చిన."

విన్సెంట్ తెర మీది నుంచి కళ్లు తీయలేదు. మరో వరస పడింది, అదే పిలుపు.

"అన్నా, నిన్నే. అమ్ముతానవా లేదా?"

"హరీషూ, సీక్వెన్సర్ యాడ దొర్కుతదో తెల్సా నీకు?"

హరీష్ పానా వైపు చూసుకుని దాన్ని మళ్లీ సంచిలో వేసుకున్నాడు. "గీ మాట ఫోన్ల చెప్తే పెట్రోలన్న మిగులుతుండె గదనే," అన్నాడు.

ప్రమీల చేట పట్టుకుని వచ్చింది. "లే, పరద మడత పెట్టాలె."

ఆయన లేవలేదు. ఆమె కాసేపు నిలబడి చూసింది. తరవాత మిరపకాయలన్నీ ఎత్తి సంచుల్లో పోసి, టార్పాలిన్‌ను ఆ కొస నుంచి మడుచుకుంటూ వచ్చి, ఆయన మోకాలి దగ్గర వదిలేసి పోయింది.