తపసి చెట్టుకు డ్రిల్లు

మా అత్తకు డ్రిల్లు కొనాలని తీర్మానించింది నేనే. ఆవిడను ఎవరూ అడగలేదు.

పెదబయలు దగ్గర, అత్తవారి ఊరికి పైనున్న రాళ్ల గుట్ట మీద ఆవిడకు ఏడు తపసి చెట్లున్నాయి. ఎండాకాలంలో గొడ్డలితో బెరడుకు గంటు పెడితే బంక కారి, కొన్నాళ్లకు గడ్డకడుతుంది. దాన్ని గిల్లి తెచ్చి సంతలో అమ్ముతారు. ఆ చెట్లకు ఎప్పుడూ ఒక్కరి చేయే తగలాలన్నది ఆ ఇంటి కట్టుబాటు. వాళ్లమ్మ పోయాక ఆ చేయి ఈవిడదయింది. తర్వాత ఇంకెవరూ గంటు పెట్టలేదు.

నిరుడు ఆ చేయి భుజం దగ్గర పట్టేసింది. దువ్వెనే తలదాకా వెళ్లడం లేదు, ఇక గొడ్డలి ఏం లేస్తుంది? డాక్టరు మాత్రలిచ్చాడు. ఆవిడ మింగింది. భుజమే ఆ మాత్రలను పట్టించుకోలేదు. ఎండలు ముదిరేసరికి ఆవిడ గుమ్మంలో కూర్చుని పొద్దస్తమానం గుట్టకేసి చూడటం మొదలుపెట్టింది. నేను చూడలేకపోయాను.

నేను వైరింగు పని చేస్తాను. నాకు తెలిసిన వైద్యం సామాను కొనడమే. గొడ్డలి గంటుకు బదులు డ్రిల్లుతో రంధ్రం పెట్టినా బంక కారుతుందనుకున్నాను. పార్వతీపురంలో ఒక ఇంటి పనికి వెళ్లినప్పుడు హార్డ్‌వేర్ కొట్టులో గంటన్నర నిలబడ్డాను. పద్దెనిమిది వోల్టుల కార్డ్‌లెస్ డ్రిల్లు పట్టుకుంటే నా మణికట్టే వంగింది. పన్నెండు వోల్టులది తేలిక. గోడలు దంచే హ్యామర్ రకం వద్దన్నాను. బ్యాటరీలు రెండుండాలన్నాను, ఎందుకంటే గుట్ట మీద కరెంటు ఉండదు. డ్రిల్లు కొసన బిగించే బిట్ల దగ్గరికొచ్చేసరికి కొట్టాయన విసిగిపోయాడు.

“గోడకా, సెక్కకా?”

“చెట్టుకు.”

“నరికిన సెట్టా?”

“బతికున్నదే.”

నన్ను ఎగాదిగా చూసి, చెక్కకు వాడే, కొసన ముల్లున్న బిట్లు నాలుగు ముందు పెట్టాడు. చిటికెన వేలి లావుది తీసుకున్నాను.

మర్నాడు గుట్ట మీద ఆవిడకు అంతా వివరించాను. స్పీడు ఎలా తగ్గించాలో, బిట్టు ఎలా బిగించాలో, ఎండుకొమ్మ మీద చేసి చూపించాను. బిట్టు ఎంత లోతు దిగాలో గుర్తుకు దానికి నల్ల టేపు చుట్టడం మా పనిలో అలవాటు. ఆ అలవాటులోనే చుట్టాను, గోడలో స్క్రూకు పెట్టే ప్లాస్టిక్ ప్లగ్గు కూర్చునేంత లోతుకు. ఆవిడ టేపును చూసింది, చెట్టును చూసింది.

“ఏటి బాబూ ఇది? బంక బెరడులో ఉంటాది. నువ్వు గుండెకాయలోకి ఎల్పోతన్నావు.”

ఎంత లోతు చాలో గోటితో బిట్టు మీద చూపించింది. అర అంగుళం ఉంటుందేమో. టేపు విప్పి మళ్లీ చుట్టాను. ఈ పనిలో నాది పదిహేనేళ్ల అనుభవమని నలుగురికీ చెప్పుకొని తిరుగుతుంటాను.

ఆవిడ మొదటి చెట్టు మొదట్లో దోసెడు అంబలి పోసి, డ్రిల్లు ఎడమచేత్తో అందుకుంది. కుడిచేయి ఆసరాకు పెట్టబోతే అది రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. బిట్టు బెరడు మీద గీసుకుంటూ పక్కకు జారింది. రెండోసారీ అంతే. మూడోసారి డ్రిల్లు రాయి మీద పడింది. దానికేమీ కాలేదు, మంచి కంపెనీది. ఆవిడ వంగి తీసి, చీరచెంగుతో దుమ్ము తుడిచి నా చేతికిచ్చింది.

“ఇంకా చిన్నది దొరుకుతుంది అత్తా. ఈసారి వెళ్లినప్పుడు తెస్తాను.”

“సాల్లే బాబూ.”

నా అరచేయి తీసుకుని మాను మీద ఆనించి, పైన తన చేయి వేసింది. నాతో కాదు, చెట్టుతో మాట్లాడింది.

“నా సెయ్యి పడిపోనాది. ఈ బాబు మా అల్లుడు. ఇకమీద ఈ సెయ్యే. ఎరక సేసుకో.”

ఏడు చెట్ల దగ్గరా అదే మాట, ఒక్క ముక్క తగ్గకుండా చెప్పింది. ఆ మాట ఆవిడ చెప్పాల్సిన రోజు రాకూడదనే కదా, అన్ని వోల్టులు బేరీజు వేసి ఆ డ్రిల్లు కొన్నాను. ఏడు రంధ్రాలూ నేనే పెట్టాను. టేపు దాకా వెళ్లి ఆపేశాను, ఒక్కటీ లోతు తప్పలేదు. నేను బటన్ నొక్కిన ప్రతిసారీ ఆవిడ మొహం తిప్పుకుంది.