ఒక్క అంగీకి ఐదు చీటీలు

రోజుకో బంద్, పూటకో ర్యాలీ నడిచిన ప్రత్యేక రాష్ట్ర ఉద్యమ కాలంలో మా వైపు ప్రతి మనిషికీ తాను చేసిన పని ఒకటి చెప్పుకోవడానికి ఉండేది. ఒకరు రాస్తారోకోలో కూర్చున్నారు, ఒకరు రోడ్డు మీద వంట చేసి వందమందికి పెట్టారు. నేను ఒక పగలంతా అన్నం మానేశాను. ఆ ఒక్క పగలును నా దగ్గర్నుంచి ఎలా లాక్కున్నారో ఇన్నేళ్లుగా అందరికీ చెబుతూనే ఉన్నాను. విన్నవాళ్లు నవ్వుతున్నారే గాని న్యాయం చేయడం లేదు. కనీసం మీరైనా చివరిదాకా వినండి.

అప్పట్లో నేను కథలాపూర్ నుంచి కోరుట్లకు వెళ్లి ఒక కంప్యూటర్ సెంటర్‌లో వెబ్ పేజీలకు వాడే జావాస్క్రిప్ట్ నేర్చుకునేవాడిని. చౌరస్తాలో రిలే నిరాహార దీక్షల టెంటు వేశారు. రోజుకొకరు పొద్దున కూర్చుని సాయంత్రం లేవాలి. మా సెంటర్‌కు ఐదు రోజులు ఇచ్చారు, మేమూ ఐదుగురమే. మొదటి రోజు నాది. బస్సులు లేకపోతే సైకిలు తొక్కుకుంటూ వచ్చి మరీ కూర్చున్నాను. నాకు దండ వేయలేదు (దండలు రెండో రోజు నుంచి మొదలుపెట్టారు). సాయంత్రం నిమ్మరసం ఇచ్చి లేపడం ఆనవాయితీ. నాకు మంచినీళ్లు ఇచ్చారు. నిమ్మకాయలు తెచ్చేవాడు మరిచిపోయాడట. వాడి మొహం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఐదో రోజు కూర్చున్న దర్జీ భాయ్‌కి మాత్రం రెండు దండలు, ఫోటో, ఐసుముక్క వేసిన నిమ్మరసం. (భాయ్ వాళ్లది కోరుట్లలో తాతల నాటి కుట్టుదుకాణం. పగలు సెంటర్‌లో నా పక్క కుర్చీ, సాయంత్రం దుకాణంలో మిషను.)

సరే, దండ పోయినా పేరైనా మిగలాలి కదా. మా దీక్షల మీద ఒక వెబ్ పేజీ చేస్తానన్నాను. సెంటర్‌లో మాకు పాఠం చెప్పే సార్ సరేనన్నారు. మస్కట్‌లో పనిచేసే మా బాపుకు (మేము నాన్నను అలాగే పిలుస్తాం) ఫోన్ చేసి, "బాపూ, శుక్రవారం సెలవే గద, నెట్ సెంటరుకు పోయి చూడు, ఫస్టు దినం నా పేరే ఉంటది" అని చెప్పాను. అంతకుముందు చదువులో నా పేరు మొదట కనబడిన సందర్భం ఏదీ లేదు కాబట్టి ఈ పేజీ నాకెంత ముఖ్యమో మీకు వేరే చెప్పక్కర్లేదు.

బంద్ వల్ల మూతబడ్డ సెంటరు ఐదో రోజు సాయంత్రమే తెరిచారు. ఆబ్జెక్టులు బంద్‌కు ముందు వారమే నేర్చుకున్నాం. ఒక మనిషికి సంబంధించిన వివరాలన్నీ రెండు బ్రాకెట్ల మధ్య ఒకచోట పెట్టుకోవడమే ఆబ్జెక్టు. అటూఇటూ వంకర తిరిగి ఉంటాయని వాటిని సార్ మీసాల బ్రాకెట్లు అనేవారు. మొదటిరోజు అనే ఆబ్జెక్టులో పేరు, ఊరు, పని అని మూడు గడులు పెట్టి నా వివరాలు శ్రద్ధగా నింపాను. మళ్లీ నాలుగుసార్లు అంతా టైపు చేయడం ఎందుకని, రెండోరోజు ఈక్వల్‌టు మొదటిరోజు అని రాసి, పేరు, ఊరు, పని మార్చాను. మూడు, నాలుగు, ఐదు కూడా అంతే. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఈలోగా కరెంటు పోయే వేళయిందని సార్ తొందర పెట్టడంతో తెరిచి చూసుకోకుండానే పేజీని నెట్‌లోకి ఎక్కించేశాను.

శుక్రవారం బాపు ఫోన్ చేశాడు.

"నీ పేరు ఏడున్నదిరా?"

"మొదటి లైన్ల చూడు బాపూ."

"మొదటి లైన్ల, రెండో లైన్ల, ఐదు లైన్లల్ల గా దర్జీ పోరని పేరే ఉన్నది. నువ్వు టెంటుల కూసున్నవా, టిఫిన్ సెంటర్ల కూసున్నవా?"

సైకిలెక్కి సెంటర్‌కు వెళ్లి చూశాను. నిజమే. ఐదు రోజులూ భాయే. దండలు, నిమ్మరసం చాలక నా ఉపవాసం కూడా మింగేశాడనుకున్నాను. అక్కడే కూర్చుని సార్‌కు ఒకటిన్నర పేజీల దరఖాస్తు రాశాను. విషయం: నా ఉపవాస దొంగతనం గురించి. నిమ్మకాయల సంగతీ రెండో పేరాలో చేర్చాను.

సార్ అది అందరి ముందు పైకి చదివారు (అదీ నేను మరిచిపోలేదు). భాయ్ నొచ్చుకుంటాడనుకుంటే పొట్ట పట్టుకుని నవ్వాడు.

"అరె యార్, ఐదు దినాలు తిననోణ్ణి, జర ఇజ్జత్ ఇయ్యి."

"నవ్వకు భాయ్. గా సాయంత్రం దీక్ష లేచొచ్చి, నా పక్కన కూసొని నువ్వే మార్చినవ్. నీ దుకాణం మీద ఒట్టేసి చెప్పు."

"ఒట్టెందుకు, నువ్వు రాసిందే చూద్దాం పా."

తెర మీద నా లైన్లు ఒక్కొక్కటే వేలుపెట్టి చదివాడు. రెండోరోజు ఈక్వల్‌టు మొదటిరోజు దగ్గర ఆగిపోయాడు.

"గిదేంది? మా దుకాణంల ఎవల అంగీకి వాళ్ల పేరు రాసి చీటీ కడ్తం. ఒక్క అంగీకే ఐదు చీటీలు కట్టినవనుకో, ఐదో చీటీ చూసి చెయ్యి కత్తిరిస్తే మొదటి చీటీ అంగీకి చెయ్యి ఉంటదా?"

"ఉండది."

"మరి నువ్వు అంగీలు ఎన్ని కుట్టినవ్? మీసాల బ్రాకెట్లు ఎన్నిసార్లు పెట్టినవ్?"

ఒక్కసారే. నేను కుట్టింది ఒక్క అంగీ, మిగిలిన నాలుగూ చీటీలే. రెండో రోజు పేరు రాసినప్పుడే నా పేరు చెరిగిపోయింది. ఆఖరున రాసిన పేరు భాయ్‌ది గనుక ఐదు చీటీలూ అతన్నే చూపించాయి. నన్ను టెంటులోంచి లేపేసింది నేనే.

"తప్పు నాది కాదు, ఈక్వల్‌టు గట్ల చేస్తదని సార్ ముందుగల్ల చెప్పలే" అన్నాను. సార్ నా దరఖాస్తును మడిచి నా జేబులోనే పెట్టారు.

ఐదుసార్లు మీసాల బ్రాకెట్లు పెట్టి, ఐదు అంగీలు విడివిడిగా కుట్టి, పేజీ సరిచేసి బాపుకు ఫోన్ చేశాను. మొదటి లైన్లో నేనే ఉన్నానని, వచ్చే శుక్రవారం మళ్లీ చూడమని బతిమాలాను. బాపు గొంతు తగ్గించాడు.

"ఇప్పుడెట్ల చెయ్యాల్రా? కోరుట్ల పిలగాడు ఒక్కడే ఐదు దినాలు కూసున్నడని రూంల అందరికి చెప్పిన. సిరిసిల్లోళ్లు, జగిత్యాలోళ్లు అందరు చప్పట్లు గొట్టిండ్రు. మళ్ల కాదని చెప్తే ఏం బాగుంటది?"

"మరి నేను కూసున్నది?"

"నాకు ఎరికైంది గదరా. సాలదా?"

అప్పుడు చాలలేదు. బాపు తిరిగొచ్చాక భాయ్ దుకాణంలోకి అడుగుపెట్టగానే "ఐదు దినాల భాయ్!" అని రెండు చేతులు పట్టుకున్నప్పుడూ చాలలేదు. భాయ్ నా వైపు చూసి కన్ను కొట్టాడే గాని కాదని ఒక్క మాట అనలేదు. (అదీ రాసి పెట్టుకున్నాను.)

ఇప్పుడు సిరిసిల్లలో పిల్లలకు నేనే జావాస్క్రిప్ట్ చెబుతున్నాను. ఆబ్జెక్టుల పాఠం రోజు అంగీ, చీటీ కథ చెప్పి, బోర్డు మీద ఐదు అంగీలు గీసి, ఈక్వల్‌టు కొత్త అంగీ కుట్టదని మూడుసార్లు పలికిస్తాను. మొన్న ముందు బెంచీలో కూర్చున్న ఒకమ్మాయి అడిగింది: "మంచిగ సమజైంది సార్. గిది మీకు ఎవలు చెప్పిండ్రు?"

నా పేరు చెప్పుకోవడానికి అంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదు. అయినా నోటికి వేరే మాట వచ్చింది.

"కోరుట్లల ఒక దర్జీ భాయ్ ఉన్నడమ్మా. ఉద్యమంల ఐదు దినాలు దీక్షల కూసున్నడు."

క్లాసంతా చప్పట్లు కొట్టింది. నేను కూడా సరిచేయలేదు.