ఎనిమిది చుట్లు

మేస్త్రి పోయాడని మంగళవారం పొద్దున టీ కొట్టు దగ్గర తెలిసింది. చెప్పినవాడు చాయ్ ఊదుకుంటూ చెప్పాడు. పని మంచిగానే చేసేవాడనీ, ఆ జీపు చక్రం సంగతి ఒక్కటే మచ్చ అనీ ముక్తాయింపు కూడా ఇచ్చాడు. గ్లాసు బల్ల మీద పెట్టి లేచి వచ్చేశాను. ఇంకో నిమిషం ఉంటే ఆ చాయ్ వాడి నెత్తిన పోసేవాణ్ణి. ఇది రాయడానికి కూర్చున్నదీ ఆ కోపంతోనే. చదివాక మీరు నన్ను కూడా తిట్టుకుంటారు. తిట్టుకోండి.

నేను నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు అంబాసిడర్ టాక్సీ తిప్పుతాను. డెబ్బైల మొదట్లో బండి కొన్ననాటి నుంచి దాని మీద మేస్త్రి చెయ్యి తప్ప ఇంకో చెయ్యి పడలేదు. ఆళ్లగడ్డ రోడ్డు మొదట్లో రేకుల మెకానిక్ షెడ్డు ఆయనది. ఆదివారం ప్రార్థన మందిరానికి తెల్ల చొక్కా, మిగతా ఆరు రోజులూ అదే ఖాకీ చొక్కా. మాట తక్కువ, మొండితనం ఎక్కువ.

చక్రం బిగించేటప్పుడు వెంటనే పానా ముట్టేవాడు కాదు. ముందు నట్టును వేళ్లతో ఎక్కించి, పెదవులు కదుపుతూ చుట్లు లెక్కపెట్టేవాడు. ఎనిమిది చుట్లు చేత్తోనే తిరగాలి, ఆ తర్వాతే నట్టు రిమ్ముకు ఆనాలి. ఆరు చుట్లకే ఆనిందంటే విప్పి అవతల పెట్టేసేవాడు. "ముందు చేతికి తెలియల్లప్పా, తర్వాతే పానా" అనేవాడు. పని అయ్యాక బండి టాపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసేవాడు. అంటే ఇక పొమ్మని.

అయితే అక్కడితో వదిలేవాడు కాదు. చక్రం విప్పి బిగించిన ప్రతి బండినీ ఆళ్లగడ్డలో ఆపి, నట్లన్నీ మళ్లీ ఒకసారి చూసుకోమనేవాడు. ఆ పాతిక మైళ్లలో రిమ్ము సర్దుకుంటుంది, నట్టు కాస్త వదులవుతుంది అని ఆయన లెక్క. బస్టాండు పక్కన మోకాళ్ల మీద కూర్చున్న డ్రైవరు కనబడితే, మేస్త్రి భక్తుడు ప్రార్థన చేసుకుంటున్నాడని జనం నవ్వేవాళ్లు. నేనూ చాలాసార్లు అలా కూర్చుని నవ్వించాను.

ఇప్పుడు ఆ జీపు సంగతి. ఊళ్లో ఒక కాంట్రాక్టరు తన జీపుకు వెడల్పాటి టైర్లు వేయించాడు. దర్జా కోసం, అంతే. స్టీరింగు తిప్పితే టైరు లోపలి స్ప్రింగు కమ్మీలకు రాసుకుంటోంది. చక్రాన్ని బయటికి జరపడానికి అర అంగుళం మందం ఇనుప ప్లేట్లు లేతు మిషను మీద చేయించి మేస్త్రి దగ్గరికి తెచ్చాడు. డ్రమ్ముకూ రిమ్ముకూ మధ్య పెట్టే ఈ ప్లేట్లనే స్పేసర్లు అంటారు. ఆ పూట నా బండి కూడా షెడ్డులోనే ఉంది. బెంచీ మీద కూర్చుని అంతా చూశాను.

మేస్త్రి ప్లేటు పెట్టి, చక్రం ఎక్కించి, నట్టు తిప్పాడు. నాలుగు చుట్లకే ఆనింది. కంపెనీ బోల్టు పొడుగు మారదు కదా, అందులో అర అంగుళం ప్లేటే తినేసింది. పాత బోల్టులు కొట్టేసి పొడుగువి ఎక్కించాలి, లేదంటే ఎనిమిది చుట్లు మిగిలేంత పలచని ప్లేటు చేయించాలి, ఏదైనా రెండు రోజులు పడుతుందని చెప్పాడు. కాంట్రాక్టరుకు మరునాడే ఊరేగింపులో జీపు కావాలి.

"గట్టిగా బిగిస్తే యాడికి పోతాదప్పా?" అన్నాడు.

"ఎంత బిగిచ్చినా ఉండేది నాలుగు మరలే గదన్నా. ఇంకా బిగిస్తే బోల్టే తెగుతాది. ఎక్కేది మనుషులు. నేను బిగిచ్చను."

ప్లేట్లు ఊడదీసి చేతికిచ్చేశాడు. కాంట్రాక్టరు ఇంకో షెడ్డుకు పోయి అరగంటలో బిగించుకున్నాడు.

నాలుగో రోజు ఆళ్లగడ్డ దగ్గర మలుపులో బోల్టులు తెగి చక్రం చేలోకి దొర్లిపోయింది. జీపు బోల్తా పడింది. వెనక కూర్చున్న కూలీకి మోకాలి కింద కాలు తీసేశారు. కాంట్రాక్టరు ఆస్పత్రి వరండాలో నిలబడి, మేస్త్రి సరిగా బిగించలేదని అందరికీ చెప్పాడు. జీపు ఆ షెడ్డులో ఉండగా చూసినవాళ్లు పదిమంది. చక్రం మళ్లీ విప్పేయడం చూసింది నేనొక్కణ్ణే. బిగించిన ఇంకో షెడ్డువాడు తన పేరు తనే ఎందుకు బయట పెట్టుకుంటాడు?

నేను నోరు తెరవలేదు. పెళ్లిళ్ల కాలంలో నాకు కిరాయిలు వచ్చేది ఆ కాంట్రాక్టరు చేతుల మీదుగా. ఇంతకంటే గొప్ప కారణం ఏమీ లేదు. షెడ్డుకు బండ్లు రావడం తగ్గింది. నువ్వైనా చెప్పుకోవచ్చు కదా అని ఒకరోజు నేనే మేస్త్రి మీద విసుక్కున్నాను, సిగ్గు లేకుండా. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, "నువ్వు చూసినావు గదప్పా. నాకది చాలు" అన్నాడు. ఆ మాట ఏడేళ్లుగా నన్ను కాలుస్తోంది. ఒక్క తిట్టు తిట్టి ఉంటే ఇంత మండేది కాదు. అందుకే మేస్త్రి మీద కూడా నాకు కోపమే.

అంత్యక్రియలకు శవపెట్టెను ఆళ్లగడ్డ అవతల ఆయన సొంత ఊరికి తీసుకుపోవాలి. కాంట్రాక్టరు తన కొత్త జీపుకు పూలు కట్టించి తెచ్చాడు. మేస్త్రి భార్య ముందు నిలబడి, ఎంత పనిమంతుడికైనా ఒక పొరపాటు జరుగుతుందనీ, తానెప్పుడో మరిచిపోయాననీ అన్నాడు. పక్కనున్నవాళ్లు ఎంత మంచి మనసో అన్నట్టు తలలూపారు. నా చూపు జీపు చక్రం మీద పడింది. మళ్లీ అలాంటి ప్లేట్లే. తన అబద్ధాన్ని తనే నమ్మి, ఈసారి ఇంకా గట్టిగా బిగించమన్నట్టున్నాడు.

నా బండిలోంచి పానా తెచ్చి ఒక నట్టు వదులు చేశాను. మిగతాది చేత్తో తిప్పుతూ అందరికీ వినబడేలా లెక్కపెట్టాను. నాలుగుకు నట్టు ఊడి చేతికొచ్చింది.

"ఆ పొద్దు నేను షెడ్డులోనే ఉన్న్యా. బిగిచ్చనని మేస్త్రి ప్లేట్లు ఎనక్కిచ్చినాడు. బిగిచ్చింది ఇంకో షెడ్డులో. ఏడేండ్లు నేను నోరు మూసుకున్న్యా."

కాంట్రాక్టరు ఏదో అనబోయాడు. ఎవరూ అతని వైపు చూడలేదు. మేస్త్రి భార్య నా దగ్గరికి వచ్చింది.

"ఆయప్ప బతికుండి ఇనేటప్పుడు చెప్పల్ల గదన్నా" అంది.

తర్వాత ఆమే పెట్టెను నా బండి మీద కట్టమంది. టాపు మీది క్యారియర్‌కు తాళ్లతో కట్టాం.

ఆ పొద్దునే వెనక చక్రం పంక్చరైతే స్టెప్నీ బిగించాను. ఎనిమిది చుట్లూ లెక్కపెట్టే వేశాను. అయినా ఆళ్లగడ్డ బస్టాండు పక్కన బండి ఆపి, పానా పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మేస్త్రి భార్య దిగి వచ్చి పక్కన ఎండలో నిలబడింది. నట్లు ఒక్కొక్కటే చూస్తూ వచ్చాను. ఏదీ కదల్లేదు. చివరిది మాత్రం పావు చుట్టు తిరిగింది.

"తిరిగిందా?" అని అడిగింది.

"తిరిగింది వదినా."

ఆమె పెట్టె వైపు తలెత్తి చూసింది. తర్వాత బండి టాపు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసి, ఎక్కి కూర్చుంది.