నూకరత్నం మింగిన మాత్ర

కోవిడ్ సద్దుమణిగిన ఏడాది నన్ను తుని వైపు ఒక ఏఆర్‌టీ కేంద్రానికి ఫార్మసిస్టుగా బదిలీ చేశారు. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ళకు ప్రభుత్వం ఉచితంగా మందులిచ్చే చోటది. పదవీ విరమణకు రెండేళ్ళే ఉంది కదా, హాయిగా కూర్చోవచ్చన్నారు తోటివాళ్ళు. హాయి లేదు, పాడూ లేదు! నా సర్వీసు మొత్తంలో అంత ఉత్సాహంగా పనిచేసింది అక్కడే.

మా దగ్గర మందులు తీసుకునేవాళ్ళలో నూకరత్నం ఒకతె. సముద్రపు ఒడ్డు పల్లె, డిగ్రీ మొదటి ఏడాది, గలగలా మాట్లాడే పిల్ల. పుట్టుకతోనే హెచ్‌ఐవీ. తల్లీతండ్రీ పోతే చేపలమ్మే అమ్మమ్మ పెంచింది. చిన్నప్పుడు వాడిన మందులకు వైరస్ మొండికేసింది. దాన్నే మేం డ్రగ్ రెసిస్టెన్స్ అంటాం. మందు రక్తంలో చాలినంత లేకపోతే వైరస్ దానికి అలవాటుపడిపోతుంది, ఆ తర్వాత ఎంత వేసినా లెక్కచేయదు. అందుకని రెండో వరస మందులకు మార్చారు. డోలుటెగ్రావిర్ కలిసిన మాత్ర, రోజుకు ఒకటి. ఇదీ పోతే మూడో వరస. ఆపైన మా అరల్లో ఇంకేమీ లేదు.

నేను చేరేసరికి ఆమె వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చెప్పే పరీక్ష, బాగా పెరిగి ఉంది. పద్ధతి ప్రకారం మూడు నెలలు గట్టిగా కౌన్సెలింగ్ చేసి మళ్ళీ పరీక్షించారు. తగ్గలేదు. ఈ వయసు పిల్లలు విసిగిపోయి మాత్రలు మానేయడం మామూలే కనుక, ఈమె కూడా వేసుకోవడం లేదని అందరూ తేల్చేశారు. మెడికల్ ఆఫీసరు గారు మూడో వరస కోసం నిపుణుల కమిటీకి కేసు పంపడానికి సిద్ధమయ్యారు.

ఆ రోజు నేను మందుల డబ్బా ఇస్తే, అమ్మమ్మతో వచ్చిన నూకరత్నం దాన్ని తిరిగి నా వైపు తోసేసింది.

"వేసుకుంటున్నానంటే ఎవరూ నమ్మట్లేదండి. ఇంకెందుకండీ వేసుకోవడం? మానేస్తాను," అంది.

అన్నంత పనీ చేస్తే ఈ మందుకూ వైరస్ నిజంగానే మొండికేస్తుంది! "ఆగవే తల్లీ," అని ఇద్దరినీ లోపలికి పిలిచాను. పొద్దున్నే బస్సెక్కడంతో ఆ రోజు మాత్ర ఇంకా వేసుకోలేదట. ఇంట్లో ఎలా వేసుకుంటావో అచ్చం అలాగే నా ముందు వేసుకోమన్నాను.

అమ్మమ్మ సంచిలోంచి మాత్ర తీసింది. నీళ్ళ సీసా తీసింది. ఆ వెనకే గులాబీ రంగు యాసిడిటీ మందు సీసా తీసి మూతలోకి వంచింది!

నేను కుర్చీలోంచి లేచిపోయాను. "ఇదేంటమ్మా?"

"చలవకండి. అంత మాత్ర ఏడి చేత్తాది కదండీ. నేను రేవుకెళ్ళే ముందు పరగడుపునే మాత్రేసి, ఎంటనే ఇది పట్టిత్తానండి. ఒక్క రోజు తప్పలేదు, నూకాలమ్మ మీదొట్టు."

"వేరే మందులేమైనా వాడుతున్నారా అని అడిగితే లేదన్నారుగా?"

"ఇది మందేంటండీ? చలవ."

ఓరి దేవుడోయ్! ఆ గులాబీ మందులోని అల్యూమినియం, మెగ్నీషియం డోలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టేసుకుంటాయి. రక్తంలోకి చేరేది అంతంత మాత్రం. పిల్ల రోజూ మాత్ర మింగుతూనే ఉంది, ఒంటికి మాత్రం అందడం లేదు. మోకాళ్ళ నొప్పి సంగతే మరిచి డాక్టరు గారి గదికి పరుగెత్తాను. ఆయన విని కేసు ఆపేశారు. అయితే ఇన్నాళ్ళూ మందు చాలక వైరస్ ఈపాటికే మొండికేసి ఉండొచ్చనీ, మూడు నెలల తర్వాత పరీక్షలోగానీ తేలదనీ హెచ్చరించారు. సీసా పక్కన పెట్టించి, చలవ కావాలంటే సాయంత్రం కొబ్బరినీళ్ళు తాగించమన్నాం.

ఆ మూడు నెలలూ నాకు కాలు నిలవలేదు. రిపోర్టు వచ్చిన రోజు మొదట కంప్యూటర్లో చూసింది నేనే. 'టార్గెట్ నాట్ డిటెక్టెడ్'. అంటే యంత్రం వెతికినా వైరస్ దొరకలేదు. ఈ వయసులో చప్పట్లు కొట్టానంటే నమ్మండి! నూకరత్నం నా చేత మూడుసార్లు చదివించుకుంది. అమ్మమ్మ వరండాలోకి వెళ్ళి, "మా పిల్ల అబద్దవాడలేదండోయ్!" అని అరిచేసింది. దేని గురించో అక్కడున్నవాళ్ళకు తెలియదు, అయినా అందరూ నవ్వారు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా మాత్రలు వేసుకుంటున్నారా అని నేనెవరినీ అడగలేదు. ఎలా వేసుకుంటున్నారో చూపించమనేదాన్ని. మందు పనిచేయకపోతే మనిషి అబద్ధమాడిందని రాసేయడం ఒక్క నిమిషం పని. మాత్రకు ముందూ వెనకా ఏం మింగుతున్నారో చూడడానికి పట్టేది ఇంకో రెండు నిమిషాలు. నూకరత్నం ఇప్పటికీ ఆ రెండో వరస మాత్రే వేసుకుంటోంది. మూడో వరస మందులు అరలోనే ఉన్నాయి.