మంచిగుందని నేను చెప్పిన కొమ్మ

మా వాకిట్లోని వేపచెట్టు కొమ్మ ఒకటి లోపల డొల్లపడిందని నాకు ముందే తెలుసు. తెలిసీ కొట్టనివ్వలేదు. అది కూలి పక్కింటి సత్తెమ్మ చెయ్యి విరిగింది. తప్పు చెట్టెక్కిన మల్లయ్యదని గల్లీ అందరికీ చెప్పాను. నమ్మారు.

ఇరవై రెండేళ్లుగా ఈ నాలుగు మాటలు మోస్తున్నాను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే అనగలుగుతున్నానేమో.

నేను అయిదో తరగతితో బడి మానేసినవాణ్ణి. లాల్‌దర్వాజాలో పుస్తకాల బైండింగ్ పని. కుట్టడానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ కుట్టే ముందు చదివేవాణ్ణి. వైద్యం, చట్టం, తోటపని, ఏదైతే అది. అట్లా చదివి చదివి గల్లీలో సారు అనిపించుకున్నాను. ఏ పరీక్షా పాసు కానివాణ్ణి అందరూ సారూ అని పిలుస్తుంటే లోపల ఎంత పొంగిపోయేవాణ్ణో చెప్పలేను.

బోనాలకు గల్లీ మొత్తానికీ మా వేపకొమ్మలే. ఏటా ఆషాఢంలో మల్లయ్య గొడ్డలి భుజాన వేసుకుని వచ్చి చెట్టెక్కేవాడు. ఆడవాళ్లు వీధిలో నిలబడి అందుకుంటారు కాబట్టి వీధి వైపు కొమ్మలే కొట్టేవాడు. ప్రతి ఏడూ అదే వైపు. గోడ అవతల సత్తెమ్మ రేకుల షెడ్డు మీదికి సాగిన కొమ్మను ఎవరూ ముట్టుకోలేదు. చెట్టు ఒక దిక్కు తేలికై, ఇంకో దిక్కు బరువెక్కింది. అమ్మవారి పేరు మీద మేమందరం కలిసి చేసిన పొరపాటు అది. ఎవరికీ పొరపాటని తోచలేదు.

నాకు తోచింది. అది కూలిన ఏడు ఉగాదికి చెట్టంతా చిగురు వేస్తే ఆ కొమ్మ కొసలు మాత్రం ఎండుపుల్లల్లాగే ఉండిపోయాయి. కొమ్మ మానులో కలిసేచోట బెరడు పగిలింది. తొలకరి పడగానే అక్కడ అట్టల్లాంటి పుట్టగొడుగులు లేచాయి. నిచ్చెన వేసుకుని నా బైండింగ్ సుత్తితో తట్టి చూశాను. గట్టి కర్ర ఠక్కుమంటుంది. ఇది ఖాళీ కుండలా మోగింది. తోటపని పుస్తకంలో చదివిన గుర్తులన్నీ ఉన్నాయి. మల్లయ్య వచ్చిన రోజున అందరి ముందూ ఈ సంగతి చెప్పి కొట్టిద్దామనుకున్నాను. అందరి ముందూ. నా రోగం ఆ మాటలోనే ఉంది.

కానీ మల్లయ్య నాకంటే ముందే చెప్పేశాడు. చెట్టు మీద నుంచి గొడ్డలి వెనకవైపుతో కొట్టి చూసి అరిచాడు.

"సారూ, గిది డొల్ల అయింది. సత్తెమ్మక్క రేకుల మీద పడ్తది. కొట్టేస్త!"

"నీ పని నువ్వు చూస్కో. గది మంచిగనే ఉన్నది."

"ఏం మంచిగ సారూ, చప్పుడు ఇనవడ్తలేదా?"

"చెట్ల కితాబు సదివినోన్ని. నాకు చెప్తున్నవా?"

"కితాబు కూలదు సారూ. చెట్టు కూలుతది."

కిందున్న ఆడవాళ్లు పకపకా నవ్వారు. అందరికంటే గట్టిగా సత్తెమ్మ నవ్వింది. "ఓ మల్లన్నా, సారుకే సదువు చెప్పవడితివి!"

నా చెవులు కాలిపోయాయి. "గా కొమ్మ ముట్టుకున్నవంటే మళ్ల నా వాకిట్ల కాలు పెట్టనియ్య," అన్నాను. అతను దిగి వెళ్లిపోయాడు.

మర్నాడైనా పిలిపించవచ్చు కదా? అది కూలేలోపు పదిహేను రోజుల వ్యవధి ఉంది. రోజూ పొద్దున లేచి ఆ కొమ్మ వైపే చూసేవాణ్ణి. పడదులే అనుకున్నానా, లేక అది పడకుండా నిలబడితే నా మాటే గెలుస్తుందని, ఒక ఆడమనిషి నెత్తి మీద వేలాడుతున్న దాన్ని చూస్తూ కూడా నా గెలుపు కోసమే ఎదురుచూశానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం, ఆకు కదలని ఉక్కలో, కూలింది. సత్తెమ్మ షెడ్డులో మిషను ముందు కూర్చుని జాకెట్లు కుడుతోంది. రేకులతో సహా కుడిచేతి మీద పడింది. గల్లీ అంతా ఆమె వెంట ఆసుపత్రికి పరుగెత్తింది.

నేను పోలేదు. రంపం తెచ్చుకున్నాను. డొల్ల కనిపించే మొదలంతా ముక్కలు కోసి పొయ్యిలో పెట్టాను. మాను మీది గాయం కనబడకుండా తారు పూశాను. ఆ చేతులు నావేనా? నావే. పుస్తకం అట్టకు బంక రాసినంత శ్రద్ధగా పూశాయి.

సాయంత్రం అందరూ అడిగారు, గాలి లేకుండా ఎట్లా కూలిందని. "మల్లయ్య అంత ఒక దిక్కే కొట్టిండు. బరువు గిటు ఒరిగింది," అన్నాను. చూడండి, పూర్తి అబద్ధం కూడా కాదు. నా చదువంతా ఆ సగం నిజానికే పనికొచ్చింది. మల్లయ్య ఉరికి వచ్చి, డొల్ల అని ముందే చెప్పిన గదా అని మొత్తుకున్నాడు. "ఏది, చూపియ్యి డొల్ల," అన్నాను. మిగిలిన కొమ్మంతా గట్టి కర్రే. అటూ ఇటూ వెతికాడు. చూపించలేకపోయాడు.

ఆ తర్వాత మా గల్లీలో అతణ్ణి ఎవరూ చెట్టెక్కించలేదు.

సత్తెమ్మ వేళ్లు మళ్లీ కత్తెర పట్టలేదు. మిషను అమ్మేసింది. ఇప్పటికీ గోడ మీదుగా, "తిన్నవా సారూ?" అని అడుగుతుంది. మల్లయ్య పేరెత్తితే మాత్రం మొహం తిప్పుకుంటుంది.

ఈ రోజుల్లో కారు మీద ఆకు రాలిందని చెట్టును మొదలంటా కొట్టించేవాళ్లున్నారు. ఎప్పుడు కొట్టాలో, ఎంత కొట్టాలో చూడటం రాదు. ఒళ్లు మండి వాళ్ల మీద కేకలేస్తాను. తెలియనివాళ్ల మీద అరిచే నేను, తెలిసి ఏం చేశాను?

పోయిన నెల కంచన్‌బాగ్ వైపు ఒక ఫంక్షన్ హాల్ గేటు దగ్గర మల్లయ్య కనిపించాడు. కాపలా పని. జుట్టంతా నెరిసింది. పక్కన నిలబడి మొత్తం చెప్పాను. సుత్తి, రంపం, తారు, అన్నీ. క్షమించమని అడగలేదు, అడిగే మొహం లేదు. చెప్పడం అయిపోయాక ఛాతీలో ఏదో కొంచెం సడలింది. అట్లా సడలినందుకు కూడా సిగ్గేసింది. అతను లేచి గేటు తీసి, ఒక కారును లోపలికి పంపి, మళ్లీ వచ్చి కూర్చున్నాక అన్నాడు.

"డొల్ల అని నీకు చెప్పిందే నేను. నాకు చెప్తే ఏమొస్తది సారూ? గది నిజమని ఎరుక లేనిది సత్తెమ్మక్కకు. బతికే ఉన్నది గద. ఆమెకు చెప్పు, పో."