తీరం దాటని ట్రైలర్

మార్చిలో ఒక మంగళవారం పొద్దున్న ఆరున్నరకు నా ఫోన్ మోగింది. అవతల అంకుల్. నాలుగేళ్ళ పరిచయంలో ఆయన నాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. పక్షవాతం వచ్చాక మాట కాస్త ముద్దగా వస్తుందని ఆ ఇంట్లో ఫోన్లన్నీ ఆంటీయే మాట్లాడేది.

“ఏమయ్యా, ఆమె లేవడం లేదు. నువ్వొచ్చి లేపు.”

రెండు వీధుల అవతలే నా ఫ్లాట్. పరిగెడుతూనే అంబులెన్స్‌కు ఫోన్ చేశాను. ఆంటీ నా దగ్గర ఉంచిన తాళంచెవితో తలుపు తీశాను. నిద్రలోనే గుండె ఆగిపోయిందని తర్వాత అంబులెన్స్ వాళ్ళు చెప్పారు. పక్క మంచం మీద అంకుల్, సాయం లేకుండా దిగలేక, గడ్డం దాకా దుప్పటి కప్పుకుని పైకప్పు చూస్తూ ఉన్నారు. “లేచిందా?” అని అడిగారు. ఎవరేమడిగినా ఒక జోకు చేతిలో పట్టుకుని తిరిగే వాణ్ణి. ఆ పూట ఆయన్ని లేపి కూర్చోబెట్టాను.

పాఠక మహాశయులారా! పోయినవారి గురించి రాసేటప్పుడు ‘తీరని లోటు’ అన్న మాట తప్పనిసరిగా ఉండాలని మన తెలుగు సంఘం పత్రిక సంపాదకులు సెలవిచ్చారు. శిరసావహించి రాస్తున్నాను: తీరని లోటే. మాంచెస్టర్‌లో ఇల్లు మారిన తెలుగువాళ్ళకు మరీను. మీలో ఎంతమంది పరుపులు, వాషింగ్ మెషీన్లు, పెళ్ళి వంటల గుండిగలు ఆంటీ ట్రైలర్ ఎక్కాయో మీకే తెలుసు.

ఆంటీ పంతొమ్మిది వందల డెబ్బైల్లో గుంటూరు వైపు నుంచి నర్సుగా వచ్చి, ఇక్కడి ఆసుపత్రిలో వార్డ్ సిస్టర్‌గా రిటైరైంది. ఐదడుగులకు ఒక అంగుళం తక్కువ. ఎదురుగా వచ్చేవాళ్ళకు స్టీరింగ్ పైన నుదురు, కళ్ళజోడు మాత్రమే కనిపించేవి. ఆ నుదురు వెనక డిక్కీ పొడుగ్గా ఉండే పాత ఎస్టేట్ కారు, దాని వెనక తగిలించి లాగే, సామాన్లు వేసే, బ్రేకులున్న పెద్ద ట్రైలర్.

నేను మొదటిసారి ఇల్లు మారిన రోజున కారు నేనే నడుపుతానని ముందుకు దూకాను.

“నువ్వెప్పుడు పాసయ్యావు నాన్నా?”

“పోయిన నెలే ఆంటీ. మొదటి దెబ్బకే!”

“సంతోషం. పక్కన కూర్చుని మ్యాపు చూడు.”

విషయం ఏమిటంటే, తొంభై ఏడుకు ముందు కారు టెస్టు పాసైనవాళ్ళకు బరువైన ట్రైలర్ లాగే హక్కు ఆ లైసెన్స్‌తోనే వచ్చేసింది. తర్వాత పాసైనవాళ్ళు దానికోసం ఇంకో టెస్టు పాసవ్వాలి. కాబట్టి ముగ్గురు బీటెక్కులం, ఒక ఎం.సి.ఏ., చట్టం దృష్టిలో సామాన్లతో సమానమై, ఆవిడ కారులో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాం. గంటకు యాభై మైళ్ళు దాటేది కాదు. వెనక లారీలు హారన్ కొడితే, “వాళ్ళకి డ్యూటీ టైమైందేమోరా, పాపం,” అనేది.

రివర్స్ మాత్రం ఆవిడకు రాదు. ట్రైలర్ తగిలించిన కారును వెనక్కి నడపడం మామూలు విద్య కాదు. స్టీరింగ్ ఇటు తిప్పితే ట్రైలర్ అటు పోతుంది. అందుకని వెనక్కి పోవాల్సి వచ్చినప్పుడల్లా ట్రైలర్ కొక్కెం విప్పి, మా చేత తోయించేది. “వెనక్కి పోయే పని పెట్టుకోకుండా బయల్దేరాలి. డ్రైవింగ్ అంటే అంతే,” అని గట్టు మీద నిలబడి మాకు బోధించేది. బోధ వింటూ తోసినవాళ్ళలో ఇప్పుడు మేనేజర్లయినవాళ్ళు ఉన్నారు. పేర్లు రాయను.

ఆవిడ చెల్లెలు బెల్జియంలో నర్సు. ఒకే ఏడాది ఇద్దరూ ఇల్లు వదిలారు, ఒకరు ఇటు, ఒకరు అటు. రెండేళ్ళ కిందట చెల్లెలికి మోకాళ్ళు పూర్తిగా పోయాయి. అదే సమయంలో ఇక్కడ ముసలివాళ్ళను చూసుకునే కేర్ హోమ్ ఒకటి మూతపడుతూ సామాన్లు అమ్మేస్తుంటే, బటన్ నొక్కితే మనిషిని మెల్లగా లేపి నిలబెట్టే కుర్చీ ఒకటి ఆంటీ కొన్నది. ఏనుగు పిల్లంత బరువు. కారులో పట్టదు. దాన్ని ట్రైలర్‌లో వేసుకుని, ఫెర్రీ ఓడ ఎక్కి, ఫ్రాన్స్ మీదుగా చెల్లెలి గుమ్మం దాకా తనే నడుపుకుంటూ వెళ్ళాలన్నది ఆవిడ కోరిక.

“కుర్చీని ఎవరి చేతనైనా పంపించొచ్చుగా ఆంటీ?” అన్నాను.

“కుర్చీని పంపడానికి లారీలున్నాయిరా. నన్ను పంపడానికి ఎవరున్నారు?”

అక్కడి నుంచి మా శనివారాలు మొదలయ్యాయి. ఆవిడ కారులో కూర్చుని బ్రేకు నొక్కుతుంది, నేను ట్రైలర్ వెనక నిలబడి దీపం వెలిగిందని అరుస్తాను. కారు నంబరే ట్రైలర్‌కూ ఉండాలంటే నేను నమ్మలేదు. “మా ఊళ్ళో ట్రాక్టర్‌కో నంబరు, ట్రక్కుకో నంబరు ఆంటీ,” అని వాదించాను. “మీ ఊళ్ళో ట్రక్కుకి దీపాలు కూడా ఉండవు,” అంది. ప్రయాణానికి కావాల్సినవన్నీ ఒక్కొక్కటే కూడబెట్టింది: బండి బ్రిటన్‌దని చెప్పే జీబీ అక్షరాల స్టిక్కరు, బండి ఆగిపోతే రోడ్డు మీద పెట్టే ఎర్ర త్రికోణం, అదనపు బల్బులు, మెరిసే పసుపు కోటు, ఇన్సూరెన్స్ వాళ్ళ ఉత్తరం. ట్రైలర్ పొరపాటున ఊడిపోతే దాని బ్రేకు తనంతట తానే పడేలా లాగే సన్నటి తీగ కూడా కొత్తది వేయించింది.

హెడ్‌లైట్ల మీద అంటించే నల్ల ముక్కల దగ్గర మాత్రం పప్పులో కాలేశాం. అక్కడ బళ్ళు రోడ్డుకు కుడివైపు నడుస్తాయి కదా, మన లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళలో కొట్టకుండా ఉండటానికి అవి. ఉత్సాహం ఆగక కొన్న శనివారమే అంటించేశాం. సోమవారం అంకుల్‌ను ఫిజియోథెరపీకి తీసుకెళ్ళాలి. అప్పుడు తట్టింది, ఫ్రాన్స్‌కు చట్టబద్ధమైన కారు మాంచెస్టర్‌లో చట్టవిరుద్ధమైందని. పీకేశాం. తర్వాతి శనివారం మళ్ళీ అంటించి చూసుకుంది. మళ్ళీ పీకింది. జిగురు పోయేదాకా అదే తంతు.

ఇక అసలు తాళం ఎక్కడ పడిందో చెప్పాలి. కారు అంకుల్ పేరు మీద ఉంది. ఆయన పక్కన లేకుండా ఆ కారు దేశం దాటాలంటే, ఇందుకు నాకు సమ్మతమే అని ఆయన సంతకం పెట్టిన ఉత్తరం ఆంటీ దగ్గర ఉండాలి. ఉత్తరం నేనే ఆఫీసులో టైపు చేసి తెచ్చాను. ఒక్క సంతకం. అంకుల్ పెట్టనన్నారు.

“కుడి చెయ్యి పనిచేయట్లేదుగా,” అన్నారు మొదట.

“ఎడమ చేత్తో పెట్టండి. టీవీ రిమోట్ నొక్కట్లా?” అంది ఆంటీ.

“ఎడమ చేతి సంతకం నా సంతకం కాదు. అయినా ఇప్పుడంత అర్జెంటేమొచ్చింది? నేను పోయాక కారు నీ పేరు మీదకే వస్తుంది. అప్పుడు పో.”

“ఎప్పుడు పోతారో తేదీ చెప్పండి. ఫెర్రీకి ముందే బుక్ చేస్తే తక్కువ పడుతుంది.”

నేను నవ్వాను. ఆంటీ కూడా నవ్వింది. అంకుల్ నవ్వలేదు. ఉత్తరం ట్రే మీద అలాగే ఉండిపోయింది, ఓట్స్ గిన్నె పక్కన.

కాలేజీలో తొమ్మిది మంది హాజరు ఒక్కణ్ణే వేసిన అనుభవం ఉందని, అంకుల్ సంతకం నాకొక లెక్క కాదని ఆంటీకి సవినయంగా మనవి చేసుకున్నాను. “దొంగ సంతకంతో వెళ్తే దారంతా అద్దంలో వెనక్కే చూసుకోవాలి. నాకు ముందుకు చూడాలని ఉంది,” అంది. పోనీ కారు ఆవిడ పేరుకు మార్చుకుందామంటే, ఆ కాగితం మీదా ఆయనే సంతకం పెట్టాలి. విమానంలో వెళ్ళిరమ్మన్నాను. “విమానంలో వెళ్తే చూసొచ్చినట్టురా. నడుపుకుంటూ వెళ్తే వెళ్ళినట్టు.”

అంకుల్‌ను ఆవిడ వెళ్ళొచ్చే నాలుగు రోజులు ఒక కేర్ హోమ్‌లో ఉంచుకోవడానికి మన మున్సిపాలిటీ లాంటి ఇక్కడి కౌన్సిల్ రెండుసార్లు ఒప్పుకుంది. రోజూ సాయంత్రం పప్పన్నం పట్టుకెళ్ళి ఆయన్ని విసిగించే బాధ్యత నాది. రెండుసార్లూ సంతకం లేక తేదీలు దాటిపోయాయి. రెండోసారి దాటిపోయిన రోజున ఆవిడ ఫ్రిజ్ మీద అంటించిన డ్యూటీల పట్టిక, రోటా, చూస్తూ నిలబడింది. మాత్రల వేళలు, పక్కకు తిప్పి పడుకోబెట్టే వేళలు, స్నానం. అన్ని గళ్ళలోనూ ఒక్క పేరే.

“వార్డులో ఎంత కష్టమైన షిఫ్టయినా, చివర్లో ఇంకో సిస్టర్ వచ్చి హ్యాండోవర్ తీసుకుంటుంది,” అంది. “ఈ షిఫ్టుకి ఎవరూ రారురా.”

చనిపోవడానికి ముందు శనివారం దీపాలన్నీ చూసేశాక కూడా ఆంటీ కారు దిగలేదు. సీటు బెల్టు పెట్టుకునే ఉంది, ఇంజను ఆపేసి ఉంది, వెనక ట్రైలర్ తగిలించి ఉంది, ట్రైలర్‌లో కుర్చీ కట్టి ఉంది. వాన మొదలైంది. కిటికీ దగ్గరికి వెళ్ళి, “ఏంటాంటీ?” అన్నాను.

“ఏం లేదు నాన్నా. అక్కడ రౌండబౌట్ ఎటు తిరగాలో చూసుకుంటున్నా. ఐదు నిమిషాలాగు.”

లోపల్నుంచి అంకుల్ పిలిచారు. ఆవిడ వెంటనే కదలలేదు. నేను ఆ ఇంట్లో అలాంటిది చూడటం అదే మొదటిసారి. రెండోసారి పిలిచాక బెల్టు విప్పింది.

ఇదంతా పత్రికలో రాస్తానని అంకుల్‌కు చెప్పాను. “రాయి. నన్ను మంచివాణ్ణి చేసి మాత్రం రాయకు,” అన్నారు. ఆ షరతు పాటించడం నాకంత సులువుగా లేదు.

అంత్యక్రియలకు చెల్లెలు చేతికర్రతో విమానంలో వచ్చి, వారం ఉండి వెళ్ళింది. ఇప్పుడు కౌన్సిల్ మనుషులు రోజుకు మూడుసార్లు వచ్చి అంకుల్‌ను చూసుకుంటున్నారు. చెల్లెలు వెళ్ళిన మర్నాడు శనివారం. ఏం పనుందో తెలియకుండానే వెళ్ళాను.

“ఆ కాగితం ఎక్కడుంది?” అన్నారు అంకుల్.

“ఏ కాగితం అంకుల్?”

“నాటకాలొద్దు.”

వంటింటి సొరుగులో ఉంది. తెచ్చి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. ఆంటీ పేరు, కారు నంబరు, అన్నీ టైపు చేసి ఉన్నాయి. కింద ఖాళీ.

ఆయన చాలాసేపు ఆంటీ పేరు ఉన్న చోటే చూశారు. “వెళ్తే తిరిగి రాదనుకున్నాను,” అన్నారు. “అక్కడ చెల్లెలుంది. ఇక్కడ నేనున్నాను. నువ్వయితే తిరిగి వస్తావా?”

కోపం వచ్చింది. రెండేళ్ళ శనివారాల కోపం. “ఫెర్రీ వాళ్ళకి ఫోన్ చేసిన ప్రతిసారీ రానూపోనూ టికెట్టే అడిగింది అంకుల్. నేను పక్కనే ఉన్నాను,” అన్నాను.

“నాకు చెప్పలేదే.”

“మీరు అడగలేదు.”

బయట ఎవరి కారో రివర్స్ అవుతున్న చప్పుడు.

“పెన్నివ్వు,” అన్నారు.

“ఇప్పుడది చెల్లదు అంకుల్.”

“చెల్లనప్పుడే పెడుతున్నానని నాకూ తెలుసయ్యా. ఇవ్వు.”

ఎడమ చేతికి పెన్నిచ్చాను. మొదటి అక్షరం వేస్తుంటేనే కాగితం పక్కకు జారింది. కుడి చేతికి దాన్ని పట్టుకునే శక్తి లేదు. నేను రెండు వేళ్ళతో నొక్కి పట్టాను. సంతకం అయ్యాక తల వంచి చూసుకుని, “ఇది నాది కాదు,” అన్నారు. దాని కింద ఇంకొకటి పెట్టారు. దాని కింద ఇంకొకటి. ఒక్కోటీ కొంచెం కొంచెం కిందికి వాలుతూ, గుండ్రాలు వంకర తిరుగుతూ కాగితం చివరిదాకా వెళ్ళాయి. చివరిదాని సగం బల్ల మీద పరిచిన ప్లాస్టిక్ గుడ్డ మీద పడింది. ఆయన ఆపలేదు. నేను వేళ్ళు తీయలేదు.